ట్రావెలర్ల గొడవ మనకెందుకు?

పిల్లలకి తెలుగు ఎందుకు నేర్పాలి అన్న విషయం మీద ఇలాంటి సావనీర్లలో ఏటా మంచి వ్యాసాలే వస్తుంటాయి. నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేసి నేను కొంచెం పక్కదారి పడుతున్నాను. ఇది చదివి కొందరు తల్లిదండ్రులు "తెలుగు బడి పుస్తకంలో ఈ గోలేమిటి?" అనుకోవచ్చు. చివరిదాకా చదివి ఆ మాట అంటే నాకేమీ అభ్యంతరం లేదు.

మొన్నామధ్య ఒక శనివారం, క్లాసు విరామంలో, బిస్కెట్ ప్యాకెట్ లాక్కున్న స్నేహితుణ్ణి మన పిల్లవాడొకడు "నాకర్" అని తిట్టాడు. వాడికి ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆ మాటకి అర్థం ఏమిటి నాన్నా అని అడిగితే, తడుముకోకుండా "దొంగ, అంకుల్" అన్నాడు. నిజానికి నాకర్ అంటే ముసలి గుర్రాలని కొని చర్మానికీ ఎముకలకీ అమ్ముకునే మనిషి. ఈ దేశంలో మాత్రం ఆ మాటతో ట్రావెలర్లు అనే ఒక చిన్న జాతిని మొత్తంగా తిడతారు. ఆ పిల్లవాడు జీవితంలో ఒక్క ట్రావెలర్‌తోనైనా మాట్లాడి ఉంటాడని నేననుకోను. మనిషి తెలియకుండానే తిట్టు మాత్రం వచ్చేసింది.

మనకిది కొత్తేమీ కాదు. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంట్లో పెన్ను కనబడకపోతే "ఏరా, మీదేమన్నా స్టువర్టుపురమా?" అని నవ్వుకునేవాళ్ళు. ఆ ఊరు పేరుతో 1991లో చిరంజీవి సినిమా వచ్చింది, 2023లో ఆ ఊరి మనిషి కథే అంటూ రవితేజ సినిమా వచ్చింది. తెర మీద చూశాం గానీ ఆ ఊరు ఎలా పుట్టిందో మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. అందుకని ముందు ఆ ఊరి కథ చెప్పి, తర్వాత ఈ దేశం కథకి వస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నేను చెప్పదలుచుకున్నది అర్థం కాదు.

ఎరుకలవారు మనకి పరాయివాళ్ళు కారు. వేంకటేశ్వరస్వామి కల్యాణ కథలో ఆకాశరాజు ఇంటికి వచ్చి పద్మావతి మనసులో మాట బయటపెట్టింది ఎరుకలసానే కదా. సాక్షాత్తు స్వామివారే ఆ వేషం కట్టారని మన పెద్దలు చెప్పుకున్నారు. సోది చెప్పడం ఒకటే కాదు, బుట్టలూ తట్టలూ అల్లడం, పందుల్ని పెంచడం వాళ్ళ వృత్తులు. అన్నిటికంటే ముఖ్యంగా సముద్రతీరం నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. అంటే రోడ్లూ లారీలూ లేని రోజుల్లో సరుకు రవాణా వాళ్ళ చేతిలో ఉండేది. తర్వాత రైళ్ళు వచ్చాయి. ఉప్పు తెల్లదొరల గుత్తకి పోయింది. ఎరుకలవారి వ్యాపారం పడిపోయింది. బతుకుతెరువు లేక ఊరూరా తిరుగుతున్న మనుషుల్ని చూస్తే ప్రభుత్వానికి అనుమానం పుట్టింది.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఆ చట్టం ఎలా పనిచేసేదో పిల్లలు కూడా తెలుసుకోవాలి. ఫలానా మనిషి దొంగతనం చేశాడని కోర్టులో రుజువు చేయనక్కర్లేదు. ఫలానా జాతి నేరస్థ జాతి అని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఇక ఆ జాతివాళ్ళ పేర్లు రిజిస్టరులోకి ఎక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు. రోజూ పిలిచి హాజరు వేయించుకోవచ్చు. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. పాసు లేకుండా అత్తగారి ఊరు వెళ్ళినా నేరమే. నచ్చితే మొత్తం కుటుంబాల్ని తీసుకెళ్ళి ఒక సెటిల్‌మెంట్‌లో పెట్టొచ్చు. అలా 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించి పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ దొరగారి పేరు పెట్టారు. సీతానగరంలో, కావలిలో ఇలాంటివే ఇంకొన్ని ఉండేవి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కూడా స్టువర్టుపురం నుంచి వెళ్ళేవారు. కాబట్టి అది దొంగలు కట్టుకున్న ఊరు కాదు. ప్రభుత్వం ఒక జాతిని తీసుకొచ్చి పెట్టి, చుట్టూ కాపలా కాసి, చౌకగా పని చేయించుకున్న ఊరు.

ఆ చట్టం ఎలా పోయిందన్నదే నాకు ముఖ్యం. మద్రాసులో 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. ఆ రోజుని ఇప్పటికీ విముక్త దినంగా జరుపుకుంటారు. రిజిస్టరులో ఉన్నవాళ్ళు అంతకుముందూ మొరపెట్టుకున్నారు, కానీ హాజరు వేయించుకోవలసిన మనిషి అర్జీ పట్టుకుని ఢిల్లీ దాకా ఎలా వెళ్తాడు? పాసు ఎవరిస్తారు? బయటివాళ్ళు కూడా కలిస్తేనే కుదిరింది. నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా యానాదుల మధ్య, ఎరుకల మధ్య పనిచేసి ఆ చట్టం మీద పోరాడారు. ఆయన యానాదీ కాదు, ఎరుకలా కాదు. అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన కేంద్రం 1949లో కమిటీ వేస్తే, ఆ కమిటీ దేశమంతా విచారించి చట్టం ఎత్తెయ్యమని చెప్పింది. ఆయనది తిరుపతి పక్క ఊరు. చట్టం పోయినా పని అయిపోలేదన్నది వేరే సంగతి. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసుల కళ్ళు మారలేదు. జైలు మాన్యువళ్ళలో విముక్త జాతుల మీద ఇంకా మిగిలి ఉన్న వివక్షని సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరులో. డెబ్భై రెండేళ్ళు పట్టింది!

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన బడికి వచ్చే కుటుంబాల్లో ఎవరి తాతముత్తాతలు ఏ రిజిస్టరులో ఉన్నారో మనకి తెలియదు, అడగకూడదు కూడా. పాట్‌లక్ డిన్నర్‌లో మనం వేసిన స్టువర్టుపురం జోకుకి ఎవరో ఒకరు నవ్వకుండా ప్లేటు వంక చూసుకుని ఉండవచ్చు.

ఇక ఐర్లండు. 2022 జనాభా లెక్కల్లో తాము ట్రావెలర్లమని రాసుకున్నవాళ్ళు 32,949 మంది. నూటికి ఒకరు కూడా కాదు. అదే లెక్కల్లో భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవాళ్ళం తొంభై వేలు దాటాం. అంటే వందల ఏళ్ళుగా ఇక్కడే ఉన్న జాతి కంటే, నిన్నగాక మొన్న వచ్చిన మనమే ఎక్కువ. వాళ్ళు బ్రిటన్ నుంచో రొమేనియా నుంచో వచ్చినవాళ్ళని మనలో చాలామంది అనుకుంటారు. కాదు, ఐరిష్‌వాళ్ళే. పెద్ద కరువులో భూములు పోగొట్టుకుని రోడ్డున పడ్డవాళ్ళ సంతానమని ఇక్కడివాళ్ళు చెబుతుంటారు. అదీ పొరపాటేనని 2017లో వచ్చిన జన్యు పరిశోధన చెప్పింది. మిగతా ఐరిష్ జనం నుంచి వీళ్ళు విడివడి దాదాపు 360 ఏళ్ళయిందట. కరువు వచ్చింది 1845లో కాబట్టి అంతకంటే చాలా ముందే.

వాళ్ళకో భాష ఉంది. గ్యామన్ అంటారు, క్యాంట్ అని కూడా అంటారు. ఇక్కడ స్కూల్లో ఐరిష్ చదువుతున్న మన పిల్లలకి ఇది సరదాగా ఉంటుంది. ఐరిష్‌లో తలుపుని 'డోరస్' అంటారు కదా, గ్యామన్‌లో 'రోడస్'. ఐరిష్‌లో అమ్మాయి 'కాలీన్', గ్యామన్‌లో 'లాకీన్'. అక్షరాలు తిరగేశారన్నమాట. మనం చిన్నప్పుడు పెద్దవాళ్ళకి తెలియకుండా 'క' భాష మాట్లాడుకున్నట్టే, పోలీసులకీ ఆసాములకీ అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి అదొక కంచె. ఎరుకలవారికి కూడా సొంత భాష ఉన్న సంగతి ఎంతమందికి తెలుసు? గ్యామన్‌ని, ట్రావెలర్ల తగరపు పనిని 2019లో ఐర్లండు ప్రభుత్వం దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. శనివారం పొద్దున్నే పిల్లల్ని నిద్రలేపి మన భాష కోసం ఇంత దూరం తీసుకొస్తున్నాం. భాష జారిపోతుందన్న భయం ఏమిటో మనకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

వాళ్ళ వృత్తి కథ వింటే మన ఉప్పు కథ గుర్తొస్తుంది. గిన్నెలకి మాట్లు వేయడం, తగరపు బకెట్లు, డబ్బాలు చేయడం, గుర్రాల బేరం, పంటల కాలంలో కూలి. పల్లెల్లో వాళ్ళ రాక కోసం ఎదురు చూసేవారు. ప్లాస్టిక్ బకెట్ వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, 1950లు, 60లు వచ్చేసరికి పల్లెకి వాళ్ళతో పని లేకపోయింది. ఊరి చివర బండ్లు ఆపుకుంటే ఊరివాళ్ళకి కంటగింపు. 1963లో ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదిక వచ్చింది. దాని పనే సంచార జీవుల 'సమస్య'ని పరిశీలించి, వాళ్ళని మిగతా జనంలో కలిపెయ్యడానికి దారులు చెప్పడం. ఆ కమిషన్‌లో ఒక్క ట్రావెలర్ కూడా లేడు. తరువాత 2002లో వచ్చిన చట్టంతో పరాయి స్థలంలో బండి ఆపుకుని ఉండటం క్రిమినల్ నేరమైంది. ప్రభుత్వం కట్టించి ఇస్తానన్న స్థలాలు కట్టలేదు, రోడ్డు పక్కన ఆగితే మాత్రం నేరం!

ఫలితం 2010లో వచ్చిన అఖిల ఐర్లండు ట్రావెలర్ ఆరోగ్య అధ్యయనంలో చూడొచ్చు. ట్రావెలర్ మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 61.7 ఏళ్ళు, మిగతా మగవాళ్ళ కంటే పదిహేనేళ్ళు తక్కువ. ఆడవాళ్ళది 70.1, పదకొండున్నర ఏళ్ళు తక్కువ. పసిపిల్లల మరణాలు మూడున్నర రెట్లకి పైనే. ఆత్మహత్యలు ఆరు రెట్లు. ఇవి ఏ వెనుకబడిన దేశం లెక్కలో కాదు, మనం ఇళ్ళు కొనుక్కున్న ఈ దేశం లెక్కలే.

2015 అక్టోబరు 10న కారిక్‌మైన్స్‌లో కౌన్సిల్ ఇచ్చిన తాత్కాలిక స్థలంలో నిప్పంటుకుని పదిమంది చనిపోయారు, అందులో ఐదుగురు పిల్లలు. ఆ దుర్ఘటన విని దేశమంతా ఏడ్చింది. బతికి బయటపడ్డవాళ్ళని పక్కనే ఉన్న చిన్న వీధి చివర ఖాళీ జాగాలో ఉంచుదామని కౌన్సిల్ ప్రయత్నిస్తే, ఆ వీధివాళ్ళు కార్లు అడ్డం పెట్టి యంత్రాలని రానివ్వలేదు. వాళ్ళు రాక్షసులేమీ కారు. మన పక్కింటివాళ్ళ లాంటివాళ్ళే, ఇంటి ధర పడిపోతుందేమో, పిల్లలకి ఏమవుతుందో అని భయపడే మామూలు మనుషులు. అదే నన్ను భయపెడుతుంది. క్లోనీలోనో, ఆంగర్‌లోనో, హాన్స్‌ఫీల్డ్‌లోనో అలాంటి ప్రతిపాదన వస్తే, మన ఎస్టేట్ వాట్సాప్ గ్రూపులో అభ్యంతర పత్రం తిరిగితే, మొదటి ఇరవై సంతకాల్లో మన ఇంటిపేర్లు ఎన్ని ఉంటాయి?

అయితే ట్రావెలర్లు ఊరికే కూర్చుని ఏడ్చినవాళ్ళు కారు. నాన్ జాయిస్ అని ఒకావిడ ఉండేవారు, 2018లో పోయారు. 1980ల మొదట్లో టాలాలో ట్రావెలర్లని వెళ్ళగొట్టాలని జనం రోడ్లెక్కినప్పుడు, ఆవిడ ట్రావెలర్ల హక్కుల కమిటీ పెట్టారు. 1982 ఎన్నికల్లో ట్రావెలర్లని తరిమేయడమే నినాదంగా ఒకాయన నిలబడితే, ఆవిడ అదే నియోజకవర్గంలో పోటీకి దిగారు. గెలవలేదు గానీ ఆయన కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. బండిలో పిల్లల్ని పెంచుకుంటూ ఎన్నికల్లో నిలబడ్డ తల్లి ఆవిడ! ఆ ఓట్లన్నీ ట్రావెలర్లవే అయ్యుండవు, టాలాలో అంతమంది ట్రావెలర్లు లేరు. అంటే వెళ్ళగొట్టమని అరిచిన ఊళ్ళోనే వద్దన్నవాళ్ళూ ఉన్నారు, నిలబడే మనిషి కోసం చూస్తూ.

1985లో మొదలైన సంస్థ ఇప్పటి పావీ పాయింట్. దాని ప్రత్యేకత ఏమిటంటే ట్రావెలర్లూ, ట్రావెలర్లు కానివాళ్ళూ మొదటి నుంచీ కలిసి నడపడం. తర్వాత ట్రావెలర్ మహిళల జాతీయ వేదిక, ఐరిష్ ట్రావెలర్ మూవ్‌మెంట్ వచ్చాయి. వీళ్ళు అడిగింది చిత్రంగా చిన్నది. మేమొక జాతి అని ఒప్పుకోండి, అంతే. ఉత్తర ఐర్లండు 1997లోనే చట్టంలో రాసింది. ఇక్కడ మాత్రం ప్రభుత్వాలు తప్పించుకుంటూ వచ్చాయి. ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష కమిటీ 2005లో అడిగింది, 2011లో మళ్ళీ అడిగింది. కొన్ని కౌన్సిళ్ళు తీర్మానాలు చేశాయి. 2014లో పార్లమెంటు సంయుక్త కమిటీ అన్ని పార్టీల సభ్యులతో ఒప్పుకోవాలని సిఫారసు చేసింది, 2017 జనవరిలో ఇంకోసారి చెప్పింది. చివరికి 2017 మార్చి 1న అప్పటి ప్రధాని ఎండా కెన్నీ డాయిల్‌లో లేచి, ట్రావెలర్లని ఒక జాతిగా ఈ రాజ్యం గుర్తిస్తోందని ప్రకటించారు. గ్యాలరీ నిండా ట్రావెలర్లే. ప్రతిపక్షమూ అధికారపక్షమూ కలిసి లేచి చప్పట్లు కొట్టారు. 2020లో ఐలీన్ ఫ్లిన్ సెనేటర్ అయ్యారు, పార్లమెంటులోకి అడుగుపెట్టిన మొదటి ట్రావెలర్ మహిళ.

కానీ ఆ ప్రకటనలోనే, దీనివల్ల కొత్త హక్కులేవీ, ఆర్థికంగా కొత్త బాధ్యతలేవీ పుట్టవని కూడా చెప్పారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ ఉందని ఒప్పుకుని టికెట్ తెరిచారు. ఇంకా ఎవరూ కోడ్ ముట్టుకోలేదు. 1998 చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్ ట్రావెలర్ల నివాసాల కోసం ప్రణాళిక వేసుకోవాలి. వేస్తున్నారు. డబ్బు కూడా కేటాయిస్తూ వచ్చారు. ఏళ్ళ తరబడి ఆ డబ్బులో పెద్ద భాగం ఖర్చు పెట్టకుండా వెనక్కి పోయింది. ఎందుకు? 2019లో ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం చెప్పిన కారణాల్లో స్థానికుల వ్యతిరేకత, దానికి భయపడే కౌన్సిలర్లు ముఖ్యమైనవి. మంత్రి ఒప్పుకున్నా, పార్లమెంటు ఒప్పుకున్నా, ఆ నిర్ణయం మన వీధికి వచ్చేసరికి ఆగిపోతోంది. కాబట్టి మిగిలిన పని డాయిల్‌లో లేదు, మన వీధుల్లోనే ఉంది.

చిన్న జాతికి జరిగిన అన్యాయం సరిదిద్దాలంటే ఆ జాతి ఓట్లు ఎప్పటికీ చాలవు. ఇది అమెరికాలో ఉన్న మన బంధువులకి బాగా తెలియాల్సిన విషయం. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్ళని, అందులో ఎక్కువమంది అమెరికా పౌరులే, క్యాంపుల్లో బంధించారు. వాళ్ళు కూడా జనాభాలో నూటికి ఒకరు లేరు. అయినా 1988 ఆగస్టు 10న రీగన్ సంతకంతో క్షమాపణ, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు సాధించుకున్నారు. నల్లజాతి సభ్యుడు రాన్ డెల్లమ్స్, చిన్నప్పుడు తన వీధి స్నేహితుణ్ణి ట్రక్కు ఎక్కించి తీసుకెళ్ళిన రోజుని ప్రతినిధుల సభలో గుర్తు చేసుకున్నారు. బిల్లు ముందుకు నడవడానికి పట్టుబట్టిన బార్నీ ఫ్రాంక్ యూదు కుటుంబంవాడు. ఇది జపాన్‌వాళ్ళ గొడవ కాదు, రాజ్యాంగం గొడవ అని వాళ్ళు మిగతావాళ్ళని ఒప్పించగలిగారు. అలా ఒప్పించడానికి ఏళ్ళు పట్టింది. ముందు సొంత జాతిలోనే "పాత గాయాలు ఎందుకు కెలుకుతారు" అన్నవాళ్ళని ఒప్పించాల్సి వచ్చింది.

ఇప్పుడు మనవాళ్ళు నాతో అనే మాటలకి వస్తాను. మొదటిది, "మనం వచ్చింది ఉద్యోగాలకి, మనకెందుకండీ ఇవన్నీ?" ఇల్లు అద్దెకి ఇవ్వనన్నారని, ఇంటర్వ్యూలో పేరు చూసి పక్కన పెట్టారని మనలో ఎవరైనా ఫిర్యాదు చేయాలంటే ఏ చట్టం కింద చేస్తాం? 2000 నాటి సమాన హోదా చట్టం, దానికి ముందు 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టం. వాటిలో వివక్ష చూపకూడదన్న తొమ్మిది కారణాల్లో జాతి ఒకటి, ట్రావెలర్ కావడం ఒకటి. ద్వేషం రెచ్చగొట్టడాన్ని నేరం చేసిన 1989 చట్టంలో కూడా ట్రావెలర్ల పేరు ఉంది. అప్పటికి ఈ దేశంలో మన తెలుగువాళ్ళం ఎంతమందిమి? ఈ చట్టాలు రావడం వెనక ట్రావెలర్ సంఘాల ఒత్తిడి ఉంది. వాళ్ళు నాటిన చెట్టు నీడలో మనం కుర్చీ వేసుకుని కూర్చున్నాం.

రెండోది కొంచెం గొంతు తగ్గించి అంటారు. "మీరు చెప్పేది బాగానే ఉంది గానీ, వాళ్ళు నిజంగానే దొంగతనాలు చేస్తారట కదా?" చేసినవాడు ఉంటే గార్డా ఉంది, కోర్టు ఉంది. ఒకడు చేసిన పనికి జాతి మొత్తాన్ని పట్టుకోవడమే 1911 చట్టం. ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే 2025 జూలై 19 చూడండి. అదే టాలా. ఒక భారతీయుణ్ణి పట్టపగలు కొట్టి, బట్టలు చించి రోడ్డు మీద వదిలేశారు. చిన్నపిల్లల జోలికి వెళ్ళాడని పుకారు పుట్టించారు. అందులో నిజం లేదని తేలినా ఆ పుకారు ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఆ నెల్లాళ్ళు మన ఆడవాళ్ళు సాయంత్రం బస్సెక్కడానికి భయపడ్డారు. ఎంబసీ జాగ్రత్తలు చెప్పింది, ఇండియా డే ఉత్సవం వాయిదా పడింది. 'వాళ్ళు' అనే మాటలోకి మనల్ని తోసెయ్యడానికి ఒక్క సాయంత్రం చాలింది. ఆ తర్వాత కొద్ది రోజులకే టాలా వాసులు వందల మంది మనకోసం ఊరేగింపుగా నడిచారు. అప్పటి రాష్ట్రపతి మైకేల్ డి. హిగ్గిన్స్ మన సమాజం తరఫున ప్రకటన చేశారు. మనకెందుకు అని వాళ్ళూ అనుకోవచ్చు కదా?

మూడోది నేను గౌరవించే అభ్యంతరం. "పర్మిట్ మీద ఉన్నాం, రాజకీయాల్లో వేలు పెడితే ఏమవుతుందో." వీధుల్లోకి రమ్మని ఎవరినీ అడగటం లేదు. కానీ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఈ దేశంలో స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి ఇక్కడ నివసిస్తుంటే చాలు. 2024 జూన్‌లో ఎన్నికలు అయ్యాయి, మళ్ళీ 2029లో వస్తాయి. ట్రావెలర్ల స్థలాల విషయం చూసేది ఈ కౌన్సిలర్లే. క్లోనీ ఊరు మీథ్ కౌన్సిల్ కిందకి వస్తుంది, రోడ్డు దాటితే లిటిల్‌పేస్, ఆంగర్ ఫింగల్ కిందకి వస్తాయి కాబట్టి ఎవరి ఇల్లు ఎక్కడుందో చూసుకోండి. ఓటు కోసం తలుపు తట్టిన అభ్యర్థిని మనం ఏమడుగుతాం? బస్సు, స్కూలు సీట్లు, పార్కింగ్. వాటితోపాటు "ట్రావెలర్ల నివాస ప్రణాళిక ఎంతవరకు వచ్చింది?" అని కూడా అడగండి. ఆ ప్రశ్న భారతీయుడి నోట వస్తే అభ్యర్థి ఉలిక్కిపడతాడు. వ్యతిరేక ఉత్తరాలు వంద వచ్చే చోట, మాకు అభ్యంతరం లేదు అని మర్యాదగా రాసిన పది ఉత్తరాలు కూడా ఫైల్లో కనబడతాయి.

ఒక జాగ్రత్త. మనం ముందు నడిచి, వాళ్ళకి దారి చూపిస్తున్నట్టు పోజు పెట్టకూడదు. రాఘవయ్యగారి లాంటివారు ఆ రోజుల్లో ముందుండాల్సి వచ్చింది, ఇప్పుడు అలా కాదు. ట్రావెలర్లకి వాళ్ళ సంస్థలున్నాయి, నాయకులున్నారు, ఏం కావాలో వాళ్ళకి తెలుసు. మనం అడిగి, వాళ్ళు చెప్పిన చోట నిలబడాలి. ఫోటోలు తర్వాత.

అందుకే మన బడి కమిటీ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. వచ్చే విద్యా సంవత్సరంలో ఒక శనివారం, పావీ పాయింట్ వారిని అడిగి, ఒప్పుకుంటే ఒక ట్రావెలర్ వక్తని మన బడికి పిలవాలి. గ్యామన్ మాటలు నాలుగు పిల్లలకి చెప్పించుకుని, మన 'క' భాష వాళ్ళకి చెబుదాం. వాళ్ళకి ఇక్కడికి రావడం కుదరకపోతే పై తరగతి పిల్లల్ని మనమే తీసుకెళ్దాం. నార్త్ గ్రేట్ చార్ల్స్ వీధిలో పాత చర్చి భవనంలో ఉంటారు వాళ్ళు, క్లోన్‌సిల్లాలో రైలెక్కి కానలీలో దిగితే నడిచి వెళ్ళేంత దూరమే. రెండోది, ఆగస్టు 31న, సెలవులు కాబట్టి దానికి దగ్గర పడే మొదటి శనివారం, పెద్ద పిల్లలకి స్టువర్టుపురం అసలు కథ ఒక పాఠంగా చెప్పాలి. పాఠం రాసే పని నాకివ్వండి. మూడోది కొంచెం కష్టమైనది. ఈ చుట్టుపక్కల ట్రావెలర్ల నివాసాల మీద కౌన్సిల్ ప్రజాభిప్రాయం అడిగినప్పుడు, బడి పేరు మీద కాకపోయినా, ఇష్టమున్న తల్లిదండ్రులు కలిసి ఒక సమర్థన ఉత్తరం రాయాలి. ముసాయిదా నేను తయారు చేస్తాను, సంతకం ఎవరిష్టం వారిది.

ఈ మూడూ వేసవి సెలవుల తర్వాత జరిగే మొదటి కమిటీ సమావేశం ఎజెండాలో ఉంటాయి. మూడోది వద్దు అనేవాళ్ళు ముఖ్యంగా రండి. పిల్లల క్లాసులు జరుగుతున్నంతసేపూ పక్క గదిలో మాట్లాడుకోవచ్చు, టీ నేను పెడతాను.